మాస్కోవాడి గొంతు

పండగొస్తే చాలు, టీవీవాళ్ళు మా నాన్న సినిమా వేస్తారు. నాన్న గుర్రం మీద కొండ దిగుతాడు, తోలుటోపీ వెనక్కి తోస్తాడు, శత్రువు కళ్ళలోకి చూసి నోరు తెరుస్తాడు. ఆ నోట్లోంచి వచ్చేది మాత్రం నాన్న గొంతు కాదు. మాస్కోలో ఎవడో మహానుభావుడు నాలుగ్గోడల మధ్య కూర్చుని, టీ తాగుతూ, రష్యన్‌లో చెప్పిన మాటలవి. నూతిలోంచి వచ్చినట్టుండే గొంతు. జనమంతా ఆ గొంతుకి దణ్ణం పెట్టారు. ఇంట్లో మాకు మాత్రం ఒళ్ళు మండేది.

నేను పళ్ళ డాక్టర్ని. రోజంతా ఎదుటివాళ్ళ చేత నోరు తెరిపించి, మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టడం నా ఉద్యోగం. ఆ లోటంతా నా నోరే తీరుస్తుందని మా అన్నయ్య తెమిర్ అంటాడు. అననీ. ఈ ఏడాది నా నోరు ఊరుకుని ఉంటే జరగాల్సింది ఏదీ జరిగేది కాదు.

నాన్న పోయి ఏడాది కావస్తోంది. ఏడాది నిండాక ఆష్ పెట్టాలి. గుర్రాన్ని కోస్తాం, బంధుబలగమంతా దిగుతుంది, ఖురాన్ చదువుతారు. ముసలమ్మలు వచ్చి విధవరాలి తలమీది నల్ల రుమాలు తీసి తెల్లది కడతారు. ఏడ్చింది చాలు, ఇక బతుకమ్మా అని చెప్పడం అన్నమాట. ఆ తర్వాత పోయినాయన్ని తలుచుకుని దిగులు పడటం తప్పు కాకపోయినా, నలుగురూ ఏదో ఒకటి అంటారు.

ఆ పనుల మధ్యలో ఒకరోజు మా అమ్మ బర్చిన్ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కత్తి కింద పెట్టేసింది.

"కుందూజ్, మీ నాన్న గొంతు మర్చిపోతున్నానే."

"అదేం మాటమ్మా. నలభై ఏళ్ళు విన్నావు."

"గుర్తు తెచ్చుకుందామని కూర్చుంటే ఆ మాస్కోవాడే మాట్లాడుతున్నాడు. ఉప్పెక్కడుందన్నా వాడే, చలేస్తోందన్నా వాడే. నా మొగుడి మొహంలో దూరి కూర్చున్నాడు, ఎంత తోసినా పోవట్లేదు దరిద్రుడు." కాసేపు తొక్కల కేసి చూసింది. "ఒక్కసారి ఆయన సొంత గొంతు వినిపించు. నాకు తెల్ల రుమాలు కట్టకముందే."

అమ్మ నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తు లేదు. ఓస్ ఇంతేనా అనుకున్నాను. మా నాన్న ఆస్కాలీ అంటే మా రాజధాని బిష్కెక్‌లో టాక్సీవాళ్ళకి కూడా తెలిసిన పేరు. అంతటి నటుడి గొంతు దొరక్కపోవడమేమిటి అనుకుని, ముందు ఇంట్లో ఉన్న వీడియోలన్నీ వేసి చూశాను. అక్కడే నాకు మొదటి దెబ్బ తగిలింది.

సంగతేమిటంటే, మా నాన్నది పీల గొంతు. జలుబు చేసిన మేకపిల్లలా ఉండేది. సినిమా చూసినవాళ్ళు బజారులో నాన్నని ఆపి, "ఆ డైలాగొకటి చెప్పు వీరుడా" అనేవాళ్ళు. చెబితే మొహాలు వేలాడేసుకుని పోయేవాళ్ళు. రెండుమూడేళ్ళు ఆ అవమానం భరించి, చివరికి నాన్న ఆ మాస్కోవాడి గొంతునే నేర్చుకున్నాడు. కడుపులోంచి తెచ్చి, గొంతులో దొర్లించి మాట్లాడేవాడు. ఇక నలుగురి ముందుకు వెళ్ళాడంటే అదే గొంతు. టీవీ ఇంటర్వ్యూలో అదే, మేనత్త పుట్టినరోజు వీడియోలో అదే. నా పెళ్ళి వీడియోలో నన్ను దీవించింది కూడా మాస్కోవాడే. సొంత గొంతుని గుమ్మం లోపల ఇంటి చెప్పులతో పాటు విడిచి బయటికి వెళ్ళేవాడు. దాన్ని విన్నది మేమే. మేం రికార్డు చెయ్యలేదు. ఇంట్లో మనిషి మాట్లాడుతుంటే ఎవరు రికార్డు చేస్తారు?

స్టూడియోకి వెళ్ళాను. సోవియట్ పోయి పదేళ్ళు దాటింది. సగం స్టూడియోలో ఫర్నిచర్ అమ్ముతున్నారు. మిగతా సగంలో జోల్దోష్ గారని ఒక అధికారి ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నాన్న ఎంత గొప్పవాడో నాకే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆష్‌కి మేమంతా వస్తున్నాం డాక్టరమ్మా. నిలువెత్తు ఫోటో తెస్తున్నాం. మీ వీధికి ఆయన పేరు పెట్టించే ఆలోచన కూడా ఉంది."

"ఫోటో మాట్లాడదు కదండీ. నాకు నాన్న గొంతు కావాలి. షూటింగ్ మన కిర్గిజ్ భాషలోనే చేశారుగా. ఆ టేపులు ఇవ్వండి, విని ఇచ్చేస్తాను."

ఆయన కూర్చున్నాడు. "అవా? అవి చెరిపేశామమ్మా."

"చెరిపేయడమేమిటి?"

"అప్పటి పద్ధతే అంత. రష్యన్ గొంతు మాస్కోలో పెట్టించేవాళ్ళం, యూనియన్ అంతటా ఆడేది అదే కదా. ఇక కిర్గిజ్ టేపుతో పనేముంది? చెరిపి, దానిమీదే తర్వాతి సినిమా రికార్డు చేసేవాళ్ళం. టేపుకి కరువు."

"ఆ సినిమా టేపుల్లో ఒక్కటీ మిగల్లేదా?"

"ఒకటుంది." ఆయన మొహం వెలిగింది. "మందలో గొర్రెల అరుపులు. చాలా శుభ్రంగా ఉంది. కావాలంటే వినిపిస్తాను."

"అంటే గొర్రెల్ని దాచి మా నాన్నని చెరిపేశారు."

"గొర్రెలు ఏ సినిమాకైనా పనికొస్తాయి కదమ్మా," అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు. మర్యాద అడ్డొచ్చి ఊరుకున్నాను గానీ, ఆ పూట ఆయన నా కుర్చీలో పన్ను పీకించుకోవడానికి కూర్చుని ఉంటే మత్తుసూది ఇచ్చేదాన్ని కాను.

రేడియోకి వెళ్తే నాటకశాలకి పొమ్మన్నారు. నాటకశాలవాళ్ళు రేడియోకి పొమ్మన్నారు. అందరూ టీ పోశారు, అందరూ నాన్న డైలాగుని మాస్కో గొంతుతో చెప్పి చూపించారు. తిరిగి తిరిగి నా కాళ్ళు అరిగాయి, అమ్మ మాత్రం ఒక్కసారి కూడా ఏమైందని అడగలేదు. నేను ఇంట్లోకి రాగానే నా చేతుల కేసి చూసి మళ్ళీ పనిలో పడేది. ఆ చూపే నన్ను చంపేసింది.

చివరికి దమీరా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. నాన్న పక్కన రెండు సినిమాల్లో నటించిన మనిషి. ఇప్పుడు ఊరి బయట చెర్రీ తోట చూసుకుంటోంది. నా గోడంతా విని, చెర్రీ గింజ ఒకటి ఉమ్మి, తాపీగా అంది.

"మీ నాన్న గొంతు కావాలంటే డబ్బింగ్ గదిలో వెతకాలి పిచ్చిదానా, సినిమాల్లో కాదు."

"ఏ డబ్బింగ్ గది?"

"సాయంత్రాలు మీటింగని వెళ్ళేవాడు కదూ? మీటింగూ లేదు గీటింగూ లేదు. వీరుడి వేషాలు ఆగిపోయాయి. ఇల్లు గడవాలి. ఇండియా సినిమాలకి కిర్గిజ్‌లో మాటలు చెప్పేవాళ్ళం, ఇద్దరం. నాకు చెల్లెళ్ళూ వదినెలూ దక్కేవాళ్ళు. ఆయనకి నౌకరు. దొర చేత చెంపదెబ్బలు తినేవాడు ఒకడుంటాడుగా, వాడు. ఆ మాస్కో గొంతు తీసి బయట పెట్టి లోపలికి రావయ్యా, నౌకరుకి నీ గొంతే బాగుంటుంది అనేవాడు దర్శకుడు. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఆ మీటింగుల కోసం ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసింది అమ్మే.

"ఆ టేపులేవి?"

పెద్దమ్మ గడ్డం పైకెత్తి చూపించింది. చెట్ల నిండా, కొమ్మకొమ్మకీ, గోధుమరంగు టేపు గాలికి తళతళలాడుతూ ఊగుతోంది.

"గది మూసేసినప్పుడు తలా కాసిని తెచ్చుకున్నాం. దీన్ని చూస్తే గోరింకలు దగ్గరికి రావు. కాయ దక్కుతుంది."

"అది మా నాన్నా?"

"ఎవరికి తెలుసు. నేనూ ఉంటాను అందులో."

ఎండకీ వానకీ వెలిసి, చిట్లి, ముడులు పడిన టేపు. నేనక్కడే గడ్డిలో కూలబడి ఏడ్చాను. చెర్రీల కోసం మా నాన్నని ఉరి తీశావని ముసలిదాన్ని అన్నాను. పెద్దమ్మ ఏమీ అనుకోలేదు. లోపలికి వెళ్ళి ఒక టేపు చుట్ట తెచ్చింది. చివరి చెట్టు ఇంకా కాపుకి రాలేదట, అందుకని అది బతికింది. దాంతో పాటు పాత టేపుమిషను కూడా ఇచ్చింది.

అన్నయ్య గరాజులో మొదటి కాసేపు విన్నాం. సంగీతం, తలుపు చప్పుడు, ఆ తర్వాత ఫెళ్ళున చెంపదెబ్బ. వెంటనే నాన్న. సందేహం లేదు, మా ఇంటి మేకపిల్లే. "తప్పయిపోయింది దొరగారూ, ఇంకెప్పుడూ చెయ్యను." ఇంకో దెబ్బ. "మీ కాళ్ళు పట్టుకుంటాను దొరగారూ."

అన్నయ్య మిషను ఆపేశాడు. మొహం ఎర్రబడింది.

"ఇది వినిపిస్తావా? ఆష్‌లో?"

"అమ్మ అడిగింది అన్నయ్యా."

"అమ్మ గొంతు అడిగింది, పరువు తియ్యమనలేదు. ఊరంతా వీరుడని చెప్పుకునే మనిషి. ఏడాది విందు నాడు నలుగురి మధ్యా కూర్చోబెట్టి చెంపలు వాయిస్తావా?"

"అయితే ఆమెకి ఒక్కదానికీ వినిపిస్తా."

"ఎవరికీ వద్దు. వింటే ఆవిడ తట్టుకోలేదు."

ఎవరు తట్టుకోలేరో నాకు తెలుసు. ఎంత అరిచినా లాభం లేకపోయింది. చుట్టనీ మిషన్నీ కారు డిక్కీలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఆష్ రోజు పెరట్లో ఉన్ని డేరా వేశాం. బోర్సోక్ పిండి ముక్కలు నూనెలో వేగుతున్న వాసన వీధి చివరిదాకా పోయింది. ఖురాన్ అయ్యింది, మాంసం పళ్ళేలు వచ్చాయి. జోల్దోష్ గారు నిలువెత్తు ఫోటో నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. అది చాలదన్నట్టు టీవీ ఒకటి తెప్పించి నాన్న సినిమా వేయించాడు. నాన్న టోపీ వెనక్కి తోశాడు, మాస్కోవాడు గర్జించాడు. బంధువులు కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ తల వంచుకుని, పంటి నొప్పి ఓర్చుకునే మనిషిలా కూర్చుంది.

ఇంతలో ముసలమ్మలు తెల్ల రుమాలు తెచ్చారు. పెద్దామె అమ్మ తలమీద చెయ్యి వెయ్యబోతే అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు వదినా. తెమిర్, డిక్కీలోది పట్టుకురా."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను చెప్పలేదు. గరాజుకీ అమ్మ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క గోడే.

"అమ్మా, ఇప్పుడు కాదు. అందరూ ఉన్నారు."

"ఆ మాస్కోవాడు అందరి ముందే మాట్లాడాడు కదరా. నా మొగుడు మాట్లాడకూడదా? అది తెచ్చేదాకా నేను ఈ రుమాలు కట్టించుకోను."

ఆష్ జరుగుతుండగా విధవరాలు తెల్ల రుమాలు వద్దనడం మా వంశంలో ఎవరూ విని ఉండరు. పెద్దవాళ్ళు గుసగుసలాడారు. అన్నయ్య వెళ్ళి తెచ్చాడు. నేను చుట్ట ఎక్కించి తిప్పాను.

సంగీతం. తలుపు. చెంపదెబ్బ. "తప్పయిపోయింది దొరగారూ." జోల్దోష్ గారు నేల చూపులు చూశాడు. ఎవరో పిల్లవాడు కిసుక్కున నవ్వితే వాళ్ళమ్మ మూతి మూసింది. అమ్మ మాత్రం మొహమంతా విప్పుకుని కూర్చుంది. "ఆయనే," అంది. "ఆయనే. జలుబు చేసినట్టు లేదూ?" ఏడాది మొత్తంలో అమ్మ అలా నవ్వడం నేను చూడలేదు. అన్నయ్య కూడా చూశాడు, చూసి పక్కకి తిరిగాడు. అన్ని తిరుగుళ్ళూ, అన్ని తిట్లూ ఈ నవ్వుతో తీరిపోయాయి అనుకున్నాను.

టేపు తిరుగుతూనే ఉంది. దొర వెళ్ళిపోయాడు కాబోలు, అడుగుల చప్పుడు దూరమైంది. ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది, దొరసాని. మళ్ళీ నాన్న గొంతు, ఈసారి మెల్లగా, ఎంతో దగ్గరగా.

"అమ్మగారూ, ఏమైనా తిన్నారా? పొద్దుట్నుంచీ చూస్తున్నాను, మీరేమీ ముట్టుకోలేదు. అందరికీ పెట్టి మీరు ఊరుకుంటే ఎలా చెప్పండి? చల్లారిపోతోంది. రెండు ముద్దలు తినండి."

అమ్మ నవ్వు ఆగిపోయింది. తన ముందున్న పళ్ళెం చూసింది. పొద్దుట్నుంచీ అందరికీ వడ్డించింది గానీ అందులో ఒక్క ముక్క కూడా కదల్లేదు. డేరాలో ఆడవాళ్ళెవరూ ఎవరి మొహమూ చూడలేదు.

"అయితే ఆయనకి ఈ మాట అనడం వచ్చన్నమాట," అంది అమ్మ.

నా చెయ్యి మీట మీదికి పోయింది. "ఆపెయ్యనా అమ్మా?"

"వద్దు. ఇంకా ఎవరెవరిని అడిగాడో విననీ."