పచ్చిపాల మందు

పక్క గుడారంలో ఉండే బూరుల్‌చా అనే ఆవిడ, ఏటి దగ్గర నలుగురినీ కూర్చోబెట్టి చెప్పిందట: "మన జుమకదిర్ సూది గుచ్చిన గొడ్డు చావదే తల్లీ! పశువుల డాక్టరుకు కడుపుమంట పుట్టి, ఆ మందు ఎవరికి పడితే వాళ్లకు అమ్మొద్దని బజారులో గోల చేసి పోయాడంట."

ఆ మాట చెవిన పడి అనార్‌గుల్ పొంగిపోయింది. ఆమె మొగుడు అంతటి వాడే మరి. కొండ కింద నారిన్ ఊరి బజారులో మందు సీసా కొనుక్కొచ్చేవాడు. ఆవు దగ్గితే ఒక పోటు, గొర్రె కుంటితే ఒక పోటు. గొడ్డు లేచి నిలబడగానే సూది ఆపేసి, మిగిలిన మందు మరోదానికి దాచేవాడు. ఆ మేతకొండ మీద అందరి పద్ధతీ అదే. సగం దెబ్బ తిన్న క్రిమి చావక, ఆ మందును తట్టుకోవడం నేర్చుకుని బలిసి లేస్తుందని ఎవరికీ తోచలేదు.

ఆ వేసవిలో ఎర్రావు నెత్తురు పారుకుంటూ కూలబడింది. జుమకదిర్ దాని మెడలో సూది దించాడు. ఆ సాయంత్రమే వాళ్ల అయిదేళ్ల కూతురు సిర్గాకు ఒళ్లు వెచ్చబడింది.

"ఎర్రావు పాలు పట్టవే," అన్నాడు.

"జబ్బు గొడ్డు పాలా? సరే, కాచి పడతాలే."

"కాస్తే మందు చచ్చిపోదూ? పొద్దున పొడిచిన మందంతా పాలల్లోకి దిగి ఉంటుంది. పిల్లకు వేరే మందెందుకు? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

అనార్‌గుల్ నవ్వేసింది. లేచి నిలబడ్డ ఎర్రావు దగ్గరికెళ్లి, పేడ అంటిన పొదుగు కిందే గిన్నె పట్టి, పితికిన పాలు పితికినట్టే పిల్ల నోటికి అందించింది. చదివే అమ్మలారా, ఆ తెల్లటి నురగలో ఏముందో ఏ తల్లి కంటికీ కనపడదు.

రెండు రోజుల్లో పిల్ల పేగులు తెగినట్టు నెత్తురు కారింది. జీపు కొండ దిగేసరికి తల్లి ఒడంతా ఎర్రగా తడిసింది. ఆసుపత్రిలో డాక్టర్ తుర్సునాయ్ ఒక మందు ఎక్కించింది. మార్చి మరొకటి ఎక్కించింది. ఏదీ పని చెయ్యలేదు. సిర్గా గిలగిలా కొట్టుకుంటూ తల్లి వేలిని నెత్తురొచ్చేలా కొరికి పట్టుకుంది. ఆ పట్టు వదలకుండానే పోయింది.

వరండాలో జుమకదిర్ కొరడా లేచింది.

"నీళ్లెక్కించి చంపావు కదే నా బిడ్డని!"

తుర్సునాయ్ చెంప చీలింది. తెల్లకోటు మీద నెత్తురు చిమ్మింది. అడ్డొచ్చిన మనిషి పళ్లు మోకాలితో రాలగొట్టాడు. నలుగురు మీదపడితేగాని అతన్ని గోడకు అదిమి పట్టలేకపోయారు.

తుర్సునాయ్ చెంప అదుముకుంటూనే అంది: "విను. నీ బిడ్డను తిన్న క్రిమికి నా మందులన్నీ ముందే అలవాటు. తోచినప్పుడల్లా సగం సగం పొడిచి, మీ మందల్లోనే మీరు దాన్ని మేపారు. పేడలోంచి పాలల్లోకి వచ్చింది. కాచి ఉంటే చచ్చేది. పశువుల డాక్టరు చెప్పిన మందు చెప్పినంతా వేసి ఉంటే ఇంత మొండికెత్తేది కాదు. రేపు ఇంకో ఇంటి బిడ్డ వస్తుంది. అప్పుడూ నా చేతులు ఖాళీయే."

"అబద్ధం!" జుమకదిర్ నురగలు కక్కాడు. "నా బిడ్డకు ఆ విషం పెట్టిందెవడు? పేరు చెప్పు, పీక కోస్తా!"

అనార్‌గుల్ వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"సూది గుచ్చింది నువ్వు. పచ్చిపాలు పోసింది నేను. ముందు ఎవరి పీక కోస్తావో కొయ్యి."