వడకట్టని నిద్ర

క్రేన్ నడిపే అక్క ఇంట్లో ఉంటూ, చెల్లెలు ప్రయోగశాలలో కుందేళ్లని చూసుకునేది. నిద్రపోతున్న కుందేలి రక్తాన్ని అక్కడి మేడమ్ పలుచటి పొరలోంచి వడకట్టేది. పెద్దవన్నీ ఇవతలే ఆగిపోయేవి. తొమ్మిది పూసలు గుచ్చినట్టుండే చిన్న పదార్థం ఒక్కటే అవతలికి జారేది. అది ఎక్కిస్తే మెలకువగా ఉన్న కుందేలు కూడా చెవులు వాల్చేసి పడుకునేది. ఒంట్లో ఆ పూసలు ఎవరు గుచ్చుతున్నారో మాత్రం పదకొండేళ్లుగా మేడమ్‌కి చిక్కలేదు.

భోజనాల వేళ చెల్లెలు బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తే, ఆమె నిద్ర ఎడమ చెవి తమ్మె నుంచి లేత నీలంగా బొట్లుబొట్లుగా కారేది. కింద సీసా పెట్టుకునేది.

"బట్టలకి అంటనీకు, ఉతికినా పోదు," అనేది మేడమ్, కాగితాల్లోంచి తలెత్తకుండానే.

ఆ నిద్రనీ వడకట్టి చెల్లెలు అక్కకి తీసుకెళ్లేది. రాత్రి డ్యూటీలు పడ్డాక అక్కకి పగలు కన్ను మూతపడటం లేదు. చేతులు వణికితే క్రేన్ మీంచి దించేస్తామన్నారు. శుక్రవారం డాక్టరు పరీక్ష.

గురువారం పొర చిరిగిపోయింది. నిద్ర నిద్రే కదా అనుకుని చెల్లెలు సీసాని వడకట్టకుండా అలాగే పట్టుకెళ్లింది.

శుక్రవారం సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి అక్క పరీక్ష నెగ్గి వచ్చి కూర్చుంది. చెయ్యి చాపి చూపించింది. ఒక్క వేలూ వణకలేదు.

"బాగా పట్టిందా అక్కా?"

"పట్టింది. కల కూడా వచ్చింది." పక్కగదిలో బావ బూట్లు తుడుచుకుంటున్నాడు. అక్క గొంతు తగ్గించింది. "మీ బావ మెట్ల మీద ఆగి, నవ్వుతూ జడలో ఇరుక్కున్న గడ్డిపరక తీస్తున్నాడు. ఆ జడ నాది కాదే."

చెల్లెలు తన జడని వెనక్కి తోసుకుంది. "ఒట్టి కల అక్కా. బావకేం తెలీదు. ఒట్టు."

"ఆయనకేం తెలుస్తుందిలే. నా నెత్తిన గడ్డిమోపు ఉన్నా చూడడు."

చెల్లెలు బట్టలు సర్దుకోవడానికి లేచింది. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇక్కడికొచ్చినప్పటి నుంచీ."

"ఆరేళ్లు కాపురం చేశాను. ఆయన అలా నవ్వుతాడని నాకు తెలీదు." చెయ్యి వదలకుండానే అంది, "రేపూ అలాగే పట్టుకురా."

తెచ్చింది. మర్నాడూ తెచ్చింది. చెల్లెలి కునుకుల్లోకి బావ రావడం మానేశాడు. వెన్నెలలాంటి ఆ ఒక్క నవ్వూ పోయాక, కళ్లు మూస్తే చీకటే మిగిలింది.

అక్క మాత్రం పొద్దున్న డ్యూటీ నుంచి రాగానే మొహం కడుక్కుని, పొట్టి జుట్టుతోనే తంటాలుపడి జడ వేసుకుని పడుకునేది. భర్త ఆఫీసుకి వెళ్తూ "వెళ్లొస్తా" అన్నా ఆమెకి వినిపించేది కాదు.