దిష్టి ఉప్పు తిన్న సైలెన్సర్

నేను ఒక సైలెన్సర్ గొట్టాన్ని. మొహం చిట్లించకండి. కారు కొనేటప్పుడు మీరు రంగు చూస్తారు, సీటు నొక్కి చూస్తారు, అద్దంలో మీ జుట్టు కూడా సర్దుకుంటారు. వంగి నన్ను చూసిన మహానుభావుడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. ఇంజను తిని తేన్చిన పొగంతా నా కడుపులోంచే పోవాలి, దాని అరుపులన్నీ నేనే మింగాలి. పేరు ఇంజనుకి, మసి నాకు. ఈ పద్ధతి నేనొక్కదాన్నే చూశాననుకోను. మీలోనూ చాలామందికి అనుభవమే.

పుట్టింది ఎక్కడో చలిదేశంలో. ఇనప రేకు చుట్టి, అతికించి, వంచి, రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు కింద వేలాడదీసి ఓడెక్కించారు. విశాఖపట్నంలో దిగాం. మొదటి యజమాని ఒక కంపెనీ పెద్దాఫీసరు. క్లబ్బు గేటు దగ్గర నేను కిక్కురుమనకూడదు. ఆయన దగ్గర కొన్న కుర్రాడికి బీచి రోడ్డు మీద జనం తిరిగి చూడాలి, అంచేత నేను గర్జించాలి. నోరు ముయ్యమని ఒకడు, తెరవమని ఒకడు. నీకేం కావాలే అని అడిగినవాడు లేడు. కుర్రాడికి పెళ్లయి కవలలు పుట్టాక రెండు సీట్లలో నలుగురు పట్టరని తెలిసొచ్చింది. అలా నూకరత్నం చేతికొచ్చాను.

నూకరత్నం ఆడవాళ్లకి డ్రైవింగు నేర్పుతుంది. యాభై దాటాయి. మొగుడు ఓడల మీద వంటవాడు, ఏడాదిలో సగం నీళ్లమీదే ఉంటాడు. ఫ్లాటులో తను, అత్త పైడమ్మ. వారమంతా నేర్పుడు కారులో పక్క సీట్లో కూర్చుని "బ్రేకమ్మా, బ్రేకు! అది హారన్!" అని గొంతు చించుకుంటుంది. ఆదివారం మాత్రం ఎర్ర కారు తనే తోలుతుంది. టాపు తీసేసి, భీమిలి దాకా. పక్కన ముసలమ్మ చెంగు తలకి బిగించి ముడేసుకుని కూర్చుంటుంది.

"తొక్కవే రత్నం! ఆ బస్సోడు మనల్ని దాటేత్తన్నాడు!"

"అత్తా, నువ్వలా చెయ్యూపితే వాడింకా రెచ్చిపోతాడు."

బతికితే అలా బతకాలి. కాని నా వొళ్లు చిల్లులు పడింది. ముందు సన్నగా బుస్సుమన్నాను, తరవాత దగ్గాను, ఆఖరికి స్టార్ట్ చేస్తే సెల్లారంతా దద్దరిల్లేది. ఫ్లాట్ల సంఘం ప్రెసిడెంటు గౌరీపతికి కావలసింది దొరికింది. మూడో అంతస్తులో గ్లాసులు అదురుతున్నాయన్నాడు. ఆదివారం మీటింగులోపు చప్పుడు ఆగకపోతే కారు ఈ ఆవరణలో ఉండటానికి వీల్లేదన్నాడు. ఆయన పుత్రరత్నం మోటారుసైకిలు తీస్తే కుక్కలు నాలుగు వీధులు పరిగెడతాయి. అది ఎవరికీ వినపడదు. చెవులు కూడా మనిషిని చూసి పనిచేస్తాయి మరి.

ఆ సందులో బయట కారు పెట్టే చోటు లేదు. ఆవరణలోంచి పొమ్మంటే అమ్ముకోవడమొక్కటే దారి. రత్నం కారెక్కి స్టీరింగు మీద చెయ్యేసి చాలాసేపు కూర్చుంది. పైడమ్మ ఆ పూట అన్నం తిననంది.

శనివారం పొద్దున్నే ఆటోనగర్ వెళ్లాం. దారంతా నేను ఊరికి టముకు వేస్తున్నట్టే అరిచాను. జలీల్ అనే మెకానిక్కు కారుని పైకెత్తించి, కిందకెళ్లి, వేలితో నన్ను పొడిచాడు. వేలు లోపలికి పోయింది.

"ఇందులో అతుకెయ్యడానికి ఇనుమేదమ్మా? తుప్పుకి తుప్పుని అతికించమంటారా?"

బోల్టులు అతుక్కుపోయాయి. డీజిలు పోసి నానబెట్టాడు, గ్యాసు మంట పెట్టాడు, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. తిట్లకే ఊడాయనుకుంటాను. నన్ను కిందకి దించి సుత్తితో ఒకటిచ్చాడు. నా కడుపులోంచి గడ్డలు గడ్డలుగా రాలింది. బూడిదరంగు ఉప్పు. మాడిన ఎండుమిరపకాయలు. ఆవాలు.

జలీల్ ఒక మిరపకాయ తీసి వాసన చూశాడు. "అమ్మా, ఇది సైలెన్సరా, ఆవకాయ జాడీయా?"

రత్నం మెల్లిగా అత్త వైపు తిరిగింది. పైడమ్మ షెడ్డు పైకప్పు వంక శ్రద్ధగా చూస్తోంది.

"అత్తా."

"నన్నేటి సూత్తావు? రేకులు బాగా ఏసేడీ బాబు."

నాకు తెలుసు కదా. భీమిలి నుంచి వచ్చిన ప్రతిసారీ రత్నం మెట్లెక్కగానే ముసలమ్మ గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ ఆవాలూ పట్టుకుని కారు చుట్టూ తిప్పేది. ఎర్ర కారు, ఆడది తోలుతోంది, ఊరందరి కళ్లూ దానిమీదే. దిష్టి తీసిన ఉప్పు నిప్పులో పడాలి, ఎవరూ తొక్కకూడదు. ఫ్లాటులో ఉన్నది కరెంటు పొయ్యి. అందులో నిప్పెక్కడిది? ఆవిడ సెల్లారంతా వెతికి నా నోరు చూసింది. లోపల మంట, బయటికి పొగ. ఇది పొయ్యి కాక మరేటి? ఇంకేముంది, వారం వారం నాకు నైవేద్యం. ఉప్పూ, పొగలోని చెమ్మా కలిసి నన్ను లోపల్నించి కొరుక్కుతిన్నాయి. ఇన్నాళ్లూ నా తుప్పుకి సముద్రపు గాలిని అందరూ తిట్టారు, పాపం.

"ఇనుముని తినేత్తాదని నాకేటి తెల్సే?" అంది పైడమ్మ. "కారు సల్లగుండాలనే కదా పోసేను. నానే దాన్ని సంపుకున్నాను."

రత్నం ఏమంటుందోనని నేనూ ఊపిరి బిగబట్టాను. ఆమె పక్కనున్న పాత టైరు మీద కూలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వు.

"ఊరి కళ్లన్నీ కలిసినా ఇంత పని చెయ్యలేకపోయేవత్తా!"

అసలు కంపెనీ గొట్టం ఇప్పుడెక్కడా దొరకదు. జలీల్ నా కొలతలు తీసి, తుప్పు పట్టని రకం గొట్టం వంచి, కొత్త డబ్బా అతికించి, కొత్త రబ్బరు పట్టీలతో వేలాడదీశాడు. నా వారసుడు మెరుస్తున్నాడు. మెరవనీండి, కొత్తలో నేనూ మెరిశాను.

"పాతది ఇచ్చేయ్ బాబూ," అంది పైడమ్మ. "ఇవ్వకపోతే మార్సేవని ఏటి నమ్మకం?"

"కింద కనపడుతోంది కదమ్మా!"

"నాను వంగి సూడ్నేను."

అలా నా జీవితంలో మొదటిసారి కారు పైకెక్కాను. ముసలమ్మ ఒళ్లో, తోక తలుపు బయటికి పెట్టుకుని, గాలి తింటూ ఊళ్లోకొచ్చాను.

ఆదివారం మీటింగు సెల్లార్లోనే. కుర్చీలేశారు. ముందు వరసలో పైడమ్మ, పక్కన నేను, రత్నం కారులో స్టీరింగు ముందు. గౌరీపతి ఇస్త్రీ చొక్కాలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఏదమ్మా, స్టార్ట్ చెయ్యండి. అందరూ వింటారు."

"స్టార్ట్ చేసి చాలాసేపైందండీ," అంది రత్నం.

జనం ఘొల్లుమన్నారు. సిగ్గున్నవాడైతే అక్కడితో కూర్చునేవాడు.

"సరే, చప్పుడు సంగతి వదిలేద్దాం. మన ఫ్లాట్లకంటూ ఒక మర్యాదుంది కదా. ఈ వయసులో టాపు లేని కారు, ఆ తిరుగుడు... చూసేవాళ్లేమనుకుంటారు?"

అదీ సంగతి! ఇన్నాళ్లూ గొడవ నాది కానే కాదు. చిల్లులు నావి, మంట ఆయనది. ఆ మాట అందామంటే నాకిప్పుడు ఇంజను లేదు.

పైడమ్మ లేచింది. నన్ను రెండు చేతులా ఎత్తి సిమెంటు నేలకేసి దభీమని కొట్టింది. అంత మోత నేను కారు కింద ఉన్నప్పుడు కూడా చెయ్యలేదు. నా తుప్పు లేచి గౌరీపతి ఇస్త్రీ చొక్కా మీద పడింది.

"సప్పుడు సేసింది ఇది. దీన్నిలా తగలేసింది నాను, దిట్టి ఉప్పు పోసి. తప్పు నాది, దాన్ని ఊడబీకించేసినాం. ఇప్పుడు నువ్వు ఇంకో తప్పు ఎతుకుతున్నావు. నా కోడలు కారు తోల్తాది. నాను పక్కన కూకుంటాను. ఎవుడికి కళ్లు మండుతున్నాయో సెయ్యెత్తండి!"

ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి వెనక వరసలో ఒక గాజుల చెయ్యి లేచింది. గౌరీపతి మొహం వెలిగింది. లేచిన చెయ్యి ఎవరిదో చూశాక ఆరిపోయింది. ఆయన భార్యది.

"రత్నంగారూ, నాకు డ్రైవింగు నేర్పుతారా? రేపట్నించే వస్తాను."

కారు తన చోటనే ఉంది. మర్నాడు పాత సామాన్లవాడు నన్ను బండిమీద వేసుకుపోయాడు. ఇప్పుడు ఒక విరిగిన గేటుకీ, సైకిలు చక్రానికీ మధ్య ఆనుకుని ఉన్నాను. ఎలా వచ్చావని అడిగాయి. గేటు లారీ గుద్దితే వచ్చిందట. చక్రం వంకరపోయి వచ్చిందట.

నేను మీటింగులో మాట్లాడి వచ్చానని చెప్పాను.