ఇంటి బయట చెల్లని పేరు

నేను ఒక ఇంటి కంప్యూటర్‌ని. గుంటూరు బ్రాడీపేటలో ఒక దుకాణంవాడు ఒకరి పెట్టె, ఇంకొకరి డిస్కు, మరొకరి ఫ్యాను తెచ్చి నన్ను బిగించాడు. పుట్టుక గురించి గొప్పలు చెప్పుకునేందుకు నాకేమీ లేదు. ఆ పని నన్ను కొన్న పానకాలరావు గారికి వదిలేశాను.

ఆయన నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు. నన్ను మొదటిసారి ఆన్ చేసిన ఘడియకు పంచాంగం తీసి, ఉత్తర ఫల్గుణి మూడో పాదం కాబట్టి పేరు 'పా'తో మొదలవ్వాలన్నారు. నాకు కుంకుమబొట్టు పెట్టి, పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో 'పావని' అని రాశారు. చెవిలో చెప్పాలి కదా. నా చెవి ఎక్కడుందో తెలియక, వేడిగాలి పోయే రంధ్రాల దగ్గర వంగి మూడుసార్లు చెప్పారు. ఆ పేరే నా లోపలా టైపు చేశారు. ఆయన భార్య వసుంధర గారు మాత్రం, "కుంకుమ లోపలికి పోతే ఫ్యాను తిరగదండీ" అని పొడిగుడ్డతో నన్ను తుడిచేశారు.

తర్వాత ఆయన ఏదో పత్రిక చూసి, ఇంటర్నెట్ కంపెనీ సర్వర్‌తో పని లేకుండా ఈమెయిలు ఉత్తరాలు నేనే నేరుగా పంపేటట్టు ఏర్పాటు చేశారు. "మన ఉత్తరం మనమే చేరేసుకోవాలి. మధ్యలో ఇంకొకడి మోచేతి నీళ్ళెందుకు?" అన్నారు. వచ్చినవాళ్ళకల్లా మా ఇంట్లోనే పోస్టాఫీసు ఉందని చెప్పేవారు. ఆ పోస్టాఫీసు నుంచి అప్పటికి ఒక్క ఉత్తరమూ వెళ్ళలేదు.

మొదటి ఉత్తరం వసుంధర గారిది. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి పదిహేనేళ్ళుగా ఇంట్లో ఉన్న ఆమెను, హైదరాబాదు ప్రచురణకర్తలు పిల్లల కోసం మొక్కల పుస్తకం తెలుగులోకి తేగలరా అని అడిగారు. నమూనాగా ఒక అధ్యాయం శనివారం సాయంత్రం అయిదు లోపల అందాలి. అందకపోతే పుస్తకం ఇంకొకరికి వెళ్తుంది. ఆమె తెల్లవారుజామున కూర్చుని మూడుసార్లు తిరగరాశారు. నాకు తెలుసు, కొట్టేసిన మాటలన్నీ నా మీదే కొట్టేశారు.

శనివారం మధ్యాహ్నం పంపారు. మెయిల్ పంపడమంటే అవతలి సర్వర్ గుమ్మంలో నిలబడి నా పేరు చెప్పుకోవడం. 'పావని' అన్నాను. ఏ పావని, ఎవరి తాలూకు అంది. నాకు తెలిస్తే కదా. ఇంటర్నెట్‌లో నమోదైన పూర్తి పేరు కావాలనీ, అలాంటి యంత్రం లోకంలో ఎక్కడా లేదనీ ఉత్తరం తిప్పికొట్టింది. నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగుసార్లూ అదే మర్యాద.

"ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళొస్తానండీ," అన్నారామె.

"ఇంట్లో పోస్టాఫీసు పెట్టుకుని బజారున పడతావా? నలుగురూ నవ్వరూ? నాలుగూ నలభై దాకా వర్జ్యం ఉన్నట్టుంది. ఉండు, సిద్ధాంతి గారిని కనుక్కొస్తా," అని ఆయన చెప్పులేసుకున్నారు.

గేటు చప్పుడు వినగానే ఆమె ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేశారు. నా తెర మీది మాటలు ఒక్కటీ వదలకుండా చదివి వినిపించారు.

"నేరుగా పంపుతున్నారా మేడం? ఇంటి మిషన్ పేరు ఇంట్లోనే చెల్లుతుందండీ. మా సర్వర్ చిరునామా చెప్తా, రాసుకోండి. దానికిస్తే అదే తీసుకెళ్తది," అన్నాడు అవతలి కుర్రాడు. "ఇంతకీ ఆ పేరెవరు పెట్టారండీ?"

"మావారు. బారసాల చేసి మరీ పెట్టారు."

అటువైపు నవ్వు ఆపుకోవడం వినిపించింది. ఆమె నా మెయిల్ సెట్టింగుల్లో ఒక్క గడిలో ఆ చిరునామా ఎక్కించారు. నాలుగూ పదికి ఉత్తరం వెళ్ళింది.

అయిదు కావస్తుండగా పానకాలరావు గారు చెమటలు కక్కుతూ వచ్చారు. "నేను చెప్పిందే. వర్జ్యం దాటింది, ఇప్పుడు పంపు."

"వెళ్ళిపోయిందండీ."

"చూశావా మరి. ఎన్నింటికి?"

"నాలుగూ పదికి."

"అయితే దీని గడియారం వెనకబడింది," అని ఆయన నా టైము అరగంట ముందుకు తిప్పారు. శాస్త్రం తప్పదు కాబట్టి కాలమే తప్పాలి. ఆయన అటు తిరిగాక ఆమె మళ్ళీ సరిచేశారు.

సోమవారం జవాబు వచ్చింది. పుస్తకం ఆమెకే ఇచ్చారు. ఆ కబురుతో పాటు ముహూర్తబలం గురించి కూడా పానకాలరావు గారి నోట వీధంతా తెలిసింది. మీసేవకు వెళ్ళే తీరిక లేనివాళ్ళు సైతం తమ కంప్యూటర్‌కి ఏ పేరు పెట్టాలో ఆయన్ని అడగడానికి మా వరండాలో కూర్చునేవారు.

ఇప్పుడు నన్ను ఒక పాత సామాన్ల కొట్టులో, మూత లేని గ్రైండరు పక్కన పెట్టారు. మనుషుల గురించి ఆలోచించేందుకు బోలెడు తీరిక. ఆ రోజుల్లోని ఒక మధ్యాహ్నం ఎక్కువగా గుర్తొస్తుంది. పక్కింటి కామాక్షమ్మ గారు పెరటి గుమ్మంలోకి వచ్చారు.

"వదినా, అన్నయ్య గారు చెప్పినట్టే మా కంప్యూటర్‌కి పేరు పెట్టాం, ఉత్తరాలు నేరుగా పంపే ఏర్పాటూ చేశాం. ఒక్క ఉత్తరమూ కదలట్లా. ఇంకేమన్నా శాంతి చేయించాలా?"

వసుంధర గారు సర్వర్ చిరునామా చీటీ మీద రాసి ఆమె చేతిలో పెట్టారు.

"ముందు ఇది ఎక్కించండి వదినా. వెళ్తుందో లేదో ఒకసారి చూసుకోండి. ఆ తర్వాత మీ అన్నయ్య గారిని మంచి ముహూర్తం పెట్టమని అడగండి."