తలుపు దగ్గర పద్నాలుగు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో వాళ్ళకే కాదు, సిడ్నీలో క్వేకర్స్ హిల్ చుట్టుపక్కల తెలుగు కతోలికులందరికీ తెలుసు. అందుకే ఆ ఆదివారం పూజ మధ్యలో కానుకల పళ్ళెం పక్కనున్న శ్రీదేవి చేతిలో పెట్టి నేను చర్చి బయటికి నడిచినప్పుడు, కీబోర్డు వాయించే చందు శ్రుతి తప్పించినందుకు అలిగి వెళ్ళానని అనుకున్నారు. చందు శ్రుతి తప్పించిన మాట నిజమే. తప్పించని ఆదివారం నాకైతే గుర్తులేదు. కానీ నేను వెళ్ళింది అందుకు కాదు.

నా పేరు లూర్దు మేరి. మాది ఫిరంగిపురం. సిడ్నీ వచ్చి పదహారేళ్ళయింది. పదకొండేళ్ళుగా మా ఇంటికి దగ్గర్లోని ఒక చైల్డ్‌కేర్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. మూడేళ్ళ పిల్లల గదికి నేనే లీడర్‌ని. నెలకోసారి మా తెలుగు పూజ ఉంటుంది. పాటలు ఎవరు పాడాలో, కానుకలు ఎవరు పట్టుకెళ్ళాలో, పూజయ్యాక పులిహోర ఎవరు తేవాలో రాసేది నేనే. పిల్లలకి జ్ఞానోపదేశం చెప్పేదీ నేనే. ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. నా మాటని అనుమానించే మనిషి ఇక్కడ ఎవరూ లేరని తెలియడానికి చెబుతున్నాను.

ఆరోజు ఫాదర్ గారు చదివిన సువిశేషం నాకు కొత్తది కాదు. పీఠం దగ్గరికి కానుక తెచ్చినప్పుడు, నీ మీద నీ సోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే వదిలి ముందు వెళ్ళి అతనితో సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అని ప్రభువు చెప్పిన మాట. నీకు అతని మీద కోపం ఉంటే అనలేదు. అతనికి నీ మీద ఉంటే అన్నాడు. ఈ తేడా నేను పిల్లలకి బోర్డు మీద రాసి మరీ చెప్పాను. ఆరోజు మాత్రం వింటూ చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను.

నా మీద ఒక మనిషికి ఉంది. ఆమె పేరు చాముండేశ్వరి.

కర్నూలు పిల్ల. ముప్పై కూడా నిండలేదు. మా సెంటర్‌లో పర్మనెంట్ కాదు, పిలిచిన రోజున వచ్చే క్యాజువల్. నన్ను అక్కా అనేది. మధ్యాహ్నం తన డబ్బాలోని గోంగూర నేను వద్దన్నా నా అన్నంలో వేసేది. జనవరి ఇక్కడ నడి ఎండాకాలం, ఆ నెలాఖర్లో ఒక రోజు ఎండ నలభై దాటింది. తోటలో ఆడుకుంటున్న పిల్లల్ని లోపలికి తీసుకొచ్చాం. అలా వచ్చేటప్పుడు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్క తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టాలి. ఆ అంకె కాగితం మీద వేసి సంతకం చేయాలి. మా పనిలో అన్నిటికన్నా పెద్ద నియమం అదే, ఆ పని లీడర్‌ది. చివర్లో వచ్చే మనిషి తలుపు గడియ వేయాలి. ఆరోజు అది చాముండేశ్వరి.

నేను లెక్కపెట్టలేదు. దాహం దాహం అని ఏడుస్తున్న పిల్లలకి నీళ్ళు పోస్తూ, పొద్దున వచ్చింది పద్నాలుగు మంది కాబట్టి ఇప్పుడూ పద్నాలుగే అని రాసి సంతకం పెట్టేశాను. కాసేపటికి ఐలా అనే పాప నీళ్ళ సీసా నిండుగా ఉండటం చాముండేశ్వరి గమనించింది. గది అంతా కలయజూసి బయటికి పరుగెత్తింది. పాప తోటలోని చెక్క బొమ్మరింట్లో చెమటతో తడిసి, మొహం కందిపోయి నిద్రపోతోంది. తొమ్మిది నిమిషాలు. పాపకి ఏమీ కాలేదు, ప్రభువుకి స్తోత్రం. అయినా ఆ తొమ్మిది నిమిషాలు ఇప్పటికీ నాకు వణుకు పుట్టిస్తాయి.

మా డైరెక్టర్ జూలీ మా ఇద్దర్నీ విడివిడిగా పిలిచి అడిగింది. తలుపు దగ్గర పద్నాలుగు లెక్కపెట్టానని చెప్పాను. అంతే చెప్పాను. పద్నాలుగు మంది లోపలికి వచ్చారంటే, ఒక పిల్ల మళ్ళీ బయటికి వెళ్ళినట్టు. మళ్ళీ బయటికి వెళ్ళిందంటే గడియ వేయనట్టు. మిగతాది జూలీయే పూరించుకుంది. నేను చాముండేశ్వరి పేరు ఎత్తలేదు. ఆ ఆదివారం దాకా మూడు వారాలూ ఆ ఒక్క ముక్క పట్టుకునే నేను నిద్రపోయాను. చాముండేశ్వరిని మళ్ళీ పనికి పిలవలేదు. బ్యాగు తీసుకుని వెళ్తూ నా వైపు ఒకసారి చూసింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

ఆ ఆదివారం పొద్దున ఫోన్‌లో తన స్టేటస్ చూశాను. హెలెన్స్‌బర్గ్ గుడి గోపురం ఫొటో, కింద మూడు ముక్కలు. ఈరోజు శివరాత్రి దర్శనమట, రేపు వేరే రాష్ట్రంలోని టూవూంబాకి ప్రయాణమట, స్వామి దయ ఉంటే అక్కడ కొత్త ఉద్యోగమట. చూసి ఫోన్ పక్కన పెట్టి చీర ఇస్త్రీ చేసుకున్నాను.

కానుకల పాట మొదలైంది. పూజలో అర్పించే అప్పాల పళ్ళెం పట్టుకుని చర్చి వెనకాల నిలబడ్డాను. పీఠం దగ్గర ఫాదర్ గారు చేతులు చాచి ఎదురుచూస్తున్నారు. ఒక అడుగు వేశాను. రెండోది పడలేదు. ప్రభువు ఇంత తేలిక మాటల్లో, ఏం చేయాలో ముందు వెనకలతో సహా చెప్పాక, ఇంకా అర్థం కానట్టు నటించడానికి నాకు మొహం చెల్లలేదు. పళ్ళెం పక్కనున్న శ్రీదేవికి ఇచ్చేసి వెనక్కి తిరిగాను.

కారు తలుపు తీస్తుంటే మా అమ్మాయి సృజన పరుగెత్తుకొచ్చింది.

"మమ్మీ, ఆర్ యూ సిక్? యూ కాంట్ జస్ట్ లీవ్. ఇట్స్ యువర్ టర్న్."

"నా టర్న్ కాబట్టే వెళ్తున్నానే. సాయంత్రం ఆరింటి ఇంగ్లీష్ పూజకి వస్తానని డాడీకి చెప్పు" అన్నాను.

హెలెన్స్‌బర్గ్ గంటకి పైనే పడుతుంది. దారంతా క్షమాపణ సాధన చేశాను. అయిదారు రకాలుగా అన్నాను. అడవి దారి మొదలయ్యేసరికి అది బాగా కుదిరింది, నాకే కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ కన్నీళ్ళు చూసి నేను మంచిదాన్నేనని కాస్త తృప్తి కూడా కలిగింది. ఆ తృప్తిని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

శివరాత్రి కదా, గుడి దగ్గర కారు పెట్టే చోటు లేదు. ఎక్కడో రోడ్డు పక్కన పెట్టి, పట్టుచీరతో, హీల్స్ చెప్పులతో ఎండలో ఎత్తు ఎక్కాను. మెడలో సిలువ చూసి ఎవరేమనుకుంటారో అన్న ఆలోచన వచ్చింది కానీ ఎవరూ నన్ను చూడలేదు. ఎవరి మొక్కులు వాళ్ళవి. క్యాంటీన్ బయట బల్ల మీద చాముండేశ్వరి ఒక్కతే కూర్చుని ఉంది. వాళ్ళాయన బాలమురళి దర్శనం లైన్లో ఉన్నాడట.

"ఏమక్కా, ఈడికొచ్చినావు?" అంది. లేవలేదు.

ఎదురుగా కూర్చున్నాను. సాధన చేసిందేదీ గుర్తురాలేదు. ఆరోజు నేను లెక్కపెట్టలేదని, జూలీకి అబద్ధం చెప్పానని, నన్ను క్షమించమని గబగబా చెప్పేశాను. ఏడ్చాను కూడా. చాముండేశ్వరి అంతా విని చున్నీ అంచుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు లెక్కపెట్టలేదని నాకు ఆ పొద్దే తెలుసక్కా. నీళ్ళు పోస్తాంటివి. నేను చూసినా."

మరి జూలీకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పినా. మేరి పదకొండేండ్ల మనిషి, అబద్ధం చెప్పదు అనింది."

తనే మళ్ళీ మొదలుపెట్టింది.

"క్షమించినా అని ఇప్పుడే అంటాలే. నువ్వు ఇంటికి పోయి తిని పండుకుంటావు. రేపు టూవూంబా సెంటరోళ్ళు నా గురించి అడగనీకి జూలీకి ఫోన్ చేస్తారు. ఆయమ్మ ఏం చెప్తాది? నీకు మనశ్శాంతి కావాల, నాకు పని కావాల. నాకు సారీ చెప్పి ఏం లాభమక్కా?"

నాకు కోపం వచ్చింది. సిగ్గుపడాల్సిన చోట నాకు ముందు వచ్చేది కోపమే. పూజ వదిలి, ఇంత దూరం వచ్చి, ఇంతమందిలో ఏడిస్తే ఈ పిల్ల ఇంకా ఏం అడుగుతోంది అనుకున్నాను. లేచి నిలబడ్డాను కూడా. కానీ ఎటు పోవాలి? పీఠం దగ్గరికి వెళ్ళలేక ఇక్కడికి వచ్చాను. ఇక్కడినుంచి కూడా వెళ్ళిపోతే నాకు పోవడానికి చోటు లేదు. ప్రభువు వెళ్ళి సారీ చెప్పమనలేదు, సమాధానపడమన్నాడు. ఈ రెండూ ఒకటేనని ఇన్నేళ్ళూ పిల్లలకి చెప్పింది నేనే.

మళ్ళీ కూర్చుని ఫోన్ తీశాను. భయం వేసింది. ఉద్యోగం పోతుంది, అది ఖాయం. ఇక ఏ సెంటర్‌లోనూ పిల్లల దగ్గరికి రానివ్వకపోవచ్చు. జ్ఞానోపదేశం కూడా మానుకోమంటారు. శ్రీదేవికి తెలిస్తే సాయంత్రానికల్లా సిడ్నీ అంతా తెలుస్తుంది. ఇవన్నీ తెలిసే జూలీ నంబర్ నొక్కాను. స్పీకర్ పెట్టి ఫోన్ మా ఇద్దరి మధ్య బల్ల మీద ఉంచాను, మాట మార్చడానికి నాకు వీల్లేకుండా.

జూలీ ఎక్కడో బార్బెక్యూ విందులో ఉన్నట్టుంది, వెనకాల నవ్వులు వినిపిస్తున్నాయి. నేను ఇంగ్లీషులో నాలుగే ముక్కలు చెప్పాను. ఆరోజు నేను తలలు లెక్కపెట్టలేదు. అంకె మాత్రం వేశాను. చాముండేశ్వరి తన పని తను చేసింది. పిల్లని కనిపెట్టింది కూడా తనే.

నవ్వులు దూరమయ్యాయి. జూలీ ఎక్కడికో పక్కకి నడిచినట్టుంది. నేనేం చెబుతున్నానో నాకు తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. ఇది పైవాళ్ళకి రిపోర్ట్ చేయక తప్పదంది. చేయమన్నాను. రేపు గదిలోకి వెళ్ళకుండా ఇదంతా రాసుకుని పదింటికి నేరుగా ఆఫీసుకి రమ్మంది. టూవూంబా నుంచి ఫోన్ వస్తే చాముండేశ్వరి గురించి నిజం చెప్పమని అడిగాను. చెబుతాను అంది.

ఫోన్ పెట్టేశాక చాముండేశ్వరి లేచి లోపలికి వెళ్ళింది. వెళ్ళిపోయిందనుకున్నాను. కాసేపటికి మసాలా దోసె పళ్ళెంతో వచ్చి నా ముందు పెట్టింది.

"తినక్కా. మొగమంతా పీక్కపోయింది. నాకు ఉపవాసం."

పొద్దున్నుంచి నేనూ ఏమీ తినలేదు. పూజకి ముందు ఒక గంట ఏమీ తినకూడదు, సాయంత్రం పూజకి ఇంకా చాలా టైముంది. తిన్నాను. తను చూస్తూ కూర్చుంది. కోపం పోయిందా అని అడిగాను, ఆశ ఆగక.

"లేదక్కా. రేపు ఫోన్ వచ్చినాక చూస్తా."

ఆ జవాబు నాకు నచ్చింది. మొహమాటానికి పోయిందని చెప్పి ఉంటే నేను నమ్మేసి హాయిగా ఇంటికి వెళ్ళేదాన్ని.

ఇంటికి వచ్చి మా ఆయన జోజికి అంతా చెప్పాను. ఈ మూడు వారాలూ నాక్కూడా చెప్పలేదేం అని మాత్రం అడిగాడు. అయిదున్నరకి నాతోపాటు కారెక్కాడు. ఇంగ్లీష్ పూజలో కానుకలు పట్టుకెళ్ళడానికి ఎవరూ ముందుకు రాకపోతే, వెనక వరసలో ఉన్న మా ఇద్దర్నీ ఒక పెద్దాయన సైగ చేసి పిలిచాడు. జోజి ద్రాక్షారసం తీసుకున్నాడు, నేను పళ్ళెం తీసుకున్నాను. ఈసారి కాళ్ళు ఆగలేదు.

మర్నాడు పదింటికి కాగితం పట్టుకుని సెంటర్‌కి వెళ్ళాను. జూలీ గది తలుపు వేసి ఉంది. బయట కుర్చీలో కూర్చున్నాను. ఫోన్ మోగింది. చాముండేశ్వరి మెసేజ్.

"చేరమన్నారు అక్కా."

ఇంకేమీ లేదు. ఒకటికి రెండుసార్లు చదివాను. కోపం పోయిందో లేదో అందులో లేదు, అడగడానికి నాకు హక్కూ లేదు. ఫోన్ బ్యాగులో పెట్టి తల ఎత్తేసరికి, అద్దం అవతల నా గది పిల్లలు తోటలోంచి లోపలికి వస్తున్నారు. తలుపు దగ్గర ఎవరో కొత్తమ్మాయి నిలబడి ఉంది. ఐలా టోపీ మెడ వెనక్కి వేలాడుతోంది.

జూలీ తలుపు తీసి, లోపలికి రా మేరి అంది.

ఒక్క నిమిషం అన్నాను. ఆ గదిలోకి నన్నిక రానివ్వరని తెలుసు. అయినా అద్దం మీద వేలు ఆనించి, ఒక్కొక్క తలా లెక్కపెట్టాను. చివరి పిల్లవాడు లోపలికి వచ్చాడు. పద్నాలుగు. అప్పుడు కాగితం తీసుకుని లోపలికి వెళ్ళాను.