ఖాళీ కంప్యూటర్

కాల్చిన ఎర్రమిరపకాయల తొక్క ఒలుస్తుంటే రుమియానా వేళ్ళు చుర్రుమంటున్నాయి. పదిహేను కిలోలు. సెప్టెంబరు వచ్చిందంటే ప్లోవ్‌దివ్ నగరంలో ఏ బాల్కనీలో చూసినా ఇదే వాసన, ఇలాగే ఒక ఆడమనిషి.

లోపల గదిలో ఆమె భర్త ఓగ్న్యన్ గొంతు ఖంగుమంటోంది. అతను పుట్టించిన చిన్న లినక్స్ డిస్ట్రో, అంటే కంప్యూటర్‌ని నడిపే ఉచిత ప్రోగ్రాముల కట్ట, కొత్త విడుదల రేపే. అందులో అతనితో కలిసి పనిచేసే దెసిస్లావా, వర్బన్ సోఫియా నుంచి వచ్చారు. ఒక్కో ప్యాకేజీ, అంటే ఒక్కో ప్రోగ్రాం మూట, నడవాలంటే ఇంకేవేవి కావాలో అందులోనే రాసిపెట్టాలని వాళ్ళ పట్టు.

"అవన్నీ రాస్తూ కూర్చుంటే తెల్లారినట్టే! ఇన్నేళ్ళుగా రాయలేదు, ఏం కొంప మునిగింది?"

ఎందుకు మునుగుతుంది? అతను ప్యాకేజీలు కట్టేది తన కంప్యూటర్ మీద. అందులో లేనిదంటూ లేదు. అన్నీ ముందే ఉన్నాయి గనుక దేనికీ ఏదీ అక్కర్లేదని అతని నమ్మకం, ఇస్త్రీ చొక్కాలు బీరువాలో మొలుస్తాయని నమ్మినట్టే. ఆరేళ్ళుగా పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగం చేసొచ్చి, వంట ముగించి, ఒక్కో ప్యాకేజీని, ఏ ప్రోగ్రాములూ లేని తన పాత ఖాళీ కంప్యూటర్‌లో ఎక్కించి, ఏది లేక కుంటుతోందో పట్టుకుని, ఆ ముక్క కలిపింది రుమియానా. కృతజ్ఞతల పేజీలో ఆమెకు దక్కింది ఒక్క వాక్యం: "కాఫీకీ ఓపికకీ నా భార్యకు." పోయిన నెల, దేనికి ఏం కావాలో తను రాసుకున్న జాబితా అంతా అతని ముందు పెడితే నవ్వాడు. "నీకు చాదస్తం రుమీ. తెలివున్నవాడికి ఇవన్నీ చెప్పక్కర్లేదు." ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి ఆ కంప్యూటర్ ముట్టుకోలేదు.

"ఇదంతా ఒంటిచేత్తో నడుపుతున్నాడమ్మా నా కొడుకు," అంది పక్కనే ఒలుస్తున్న అత్తగారు త్స్వెతానా. "నువ్వేమో ఆ పాత డబ్బా ముందు పొద్దుపుచ్చుతావు."

"ఖాళీ కంప్యూటర్ మీద ఒక్కసారి చూపించండి," అంటోంది దెసిస్లావా.

"రుమీ డబ్బా ఉందిగా!" అన్నాడు ఓగ్న్యన్.

కొత్త విడుదలని అందులో ఎక్కించాడు. బొమ్మలు చూసే ప్రోగ్రాం ఇలా తెరుచుకుని అలా మాయమైంది. పాటలది మూగబోయింది. మూడోది తెరుచుకోనే లేదు. ఓగ్న్యన్ చెవులు ఎర్రబడ్డాయి.

"రుమీ! ఒక్కసారిలా రా. ఏం తక్కువైందో చూడు."

చూడకుండానే చెప్పగలదు. తక్కువైన మూడు ముక్కల పేర్లూ నాలుక చివరే ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ ఇవి ఎవరు చూసేవారు?" అడిగింది దెసిస్లావా.

"ఇంకెవరమ్మా, వాడే!" బాల్కనీలోంచే అంది త్స్వెతానా. ఓగ్న్యన్ కాదనలేదు.

రుమియానా చేతులు తుడుచుకుని వచ్చి, నిలబడకుండా, వాళ్ళ మధ్య కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను. ఆరేళ్ళు. జాబితా నా దగ్గరుంది. ఏ ప్యాకేజీకి ఏం కావాలో, అది కనిపెట్టిందెవరో, రెండూ రాస్తామంటేనే ఇస్తాను."

"అబ్బా రుమీ, ఇంట్లోవాళ్ళ మధ్య పేర్లేమిటి?"

"సరే," అంది రుమియానా. "అయితే ముందు నీ పేరు తీసెయ్యి."