తెర వెనక పొయ్యి

వేసవి సెలవుల్లో కొండదారి పట్టిన ఆ క్యాంపర్ వ్యానును చూసి ముచ్చటపడనివాళ్లు లేరు. ముందు సీట్లో స్టీరింగు పట్టుకున్న తండ్రి. పక్కన దిండు ఆనించుకుని ఆయన తల్లి. వెనక సోఫాలో కాళ్లు బారజాపుకున్న కూతురు, కొడుకు. పాటలు, చల్లటి ఏసీ గాలి. ఎంత చక్కటి సంసారం!

ఆ సోఫా వెనక ఒక తెర ఉంది. ముచ్చటపడేవాళ్లకు అది కనిపించదు.

తెర వెనక వంటగది. గది అనకూడదు, పక్కకు తిరిగితే మోచెయ్యి గోడకు తగిలే చోటు. అందులో ఒక గ్యాసు పొయ్యి, ఒక సింకు, ఒక కిటికీ, ఒక ఇల్లాలు. పొయ్యి సెగ ముందుకు రాకూడదని, ముందున్న చల్లదనం వెనక్కి పోకూడదని ఆ తెర కట్టించింది తండ్రే. "కాస్త బుర్ర వాడాలి మరి" అని తన తెలివికి తనే మురిసిపోయాడు.

"మీ అమ్మ చేతి వంట ఉండగా హోటల్ తిండి ఎందుకురా?" అన్నాడు బయలుదేరేటప్పుడు. అందరూ దాన్ని మెచ్చుకోలు అనుకున్నారు. పాపం, ఆమె కూడా అనుకుంది.

బండి ఆగినచోటల్లా లోయవైపు గుడ్డ పందిరి లాగి కుర్చీలు వేసేవారు. వంట కిటికీ కొండవైపు ఉండేది. గుడ్లు వేయిస్తూ తలెత్తితే రాయి, గిన్నెలు తోముతూ తలెత్తితే రాయి. ఇల్లు వదిలి అంత దూరం వచ్చి ఆమె చూసిన వింత అదొక్కటే.

ఆరోజు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. ఒక మలుపులో బండి ఆపారు. నిండు కంచాలు తెర సందులోంచి బయటికి వెళ్లాయి. ఎంగిలి కంచాలు అదే సందులోంచి తిరిగొచ్చాయి.

"అమ్మా, కింద నది ఎంత బావుందో! రా, చూద్దువుగాని" అని కూతురు కేకేసింది.

"ఈ గిన్నెలు కానిచ్చి వస్తానే."

కూతురు మళ్లీ పిలవలేదు.

గిన్నెలయ్యాయి. ఒళ్లంతా చెమట. ఒక్కసారి నది చూసి వచ్చేద్దామని ఆమె వెనక తలుపు తీసుకుని వట్టికాళ్లతో దిగింది. తలుపు తెరిచి ఉంచితే చల్లదనం పోతుందని మొగుడు సణిగే మాట గుర్తొచ్చి, దాన్ని జాగ్రత్తగా మూసింది. రోడ్డు పక్క పిట్టగోడ పెద్ద బండరాయి అవతల ఉంది. అటు వెళ్లి, మొదటిసారిగా లోయలోకి చూసింది.

ఇటు తండ్రి పందిరి చుట్టేశాడు. "కుర్చీలు?"

"ఎక్కించాం నాన్నా."

"చాప? ఐసు పెట్టె? నీ బంతేదిరా?"

"అన్నీ ఉన్నాయి."

బండి కదిలింది. ఇంజను చప్పుడు విని ఆమె పరుగెత్తింది, అరిచింది. లోపల పాటలు మోగుతున్నాయి. అవి వస్తున్నది ఆమె ఫోనులోంచే.

చాలా మలుపులు దిగాక తండ్రికి ఆవలింత వచ్చింది. "ఏమోయ్, కాస్త టీ పడేయ్!"

జవాబు లేదు.

"నిన్నే! చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

"పొయ్యి దగ్గర నిలబడిందంటే దానికి లోకం తెలీదులే" అని ముసలమ్మ నవ్వింది.

కూతురు తెర తీసింది. బోర్లించిన గిన్నెలు, ఆరేసిన గుడ్డ, మూలన ఒక జత చెప్పులు.

"నాన్నా, అమ్మ లేదు."

"లేకపోవడమేంటి? సరిగ్గా చూడు!"

మోచెయ్యి కదలని ఆ చోటులో ఇంకెక్కడ చూడాలి? ఆ పిల్ల ఏడుపు అందుకుంది. ముసలమ్మ నవ్వు ఆగిపోయింది.

వాళ్లు వెనక్కి వచ్చేసరికి ఆమె పిట్టగోడ నీడలో ఒదిగి కూర్చుని ఉంది. నీడంటే జానెడు. కరిగిన తారు మీద పరుగెత్తిన అరికాళ్లు బొబ్బలెక్కాయి. పెదవులు ఎండి చిట్లాయి. కొడుకు నీళ్ల సీసా అందించి, తువ్వాలు తడిపి ఆమె కాళ్లకు చుట్టాడు.

తండ్రి ఏమన్నాడో తెలుసా? "దిగేముందు ఒక్క మాట చెప్పాలని తెలీదా నీకు? టీ అడిగితే గానీ నువ్వు లేవని తెలీలేదు!"

ఆమె నీళ్లు తాగడం ఆపింది. "మీరు తిరిగొచ్చింది నా కోసమా, టీ కోసమా?"

తండ్రి మళ్లీ ఏదో అనబోయాడు.

"నోర్ముయ్యరా!" ముసలమ్మ కసిరింది. "కుర్చీల్ని అడిగావు, చాపని అడిగావు, ఆఖరికి బంతిని కూడా అడిగావు. నీ పెళ్లాం ఎక్కిందా అని అడిగావా? నేను మాత్రం అడిగానా? నా పళ్లసెట్టు డబ్బా చూసుకుని కూర్చున్నాను. మనకు టీ గుర్తొచ్చింది. అది రాకపోతే గానీ మనిషి గుర్తు రాలేదు. సిగ్గులేని జన్మలు మనవి!"

ముసలమ్మ వ్యాను ఎక్కి, తెరను పట్టి ఒక్క గుంజు గుంజింది. కడ్డీతో సహా ఊడి కిందపడింది. పొయ్యి, సింకు, చెప్పులు అందరికీ కనిపించాయి. తర్వాత కోడల్ని లోయవైపు తన సీట్లో కూర్చోబెట్టి, తను వెనక సోఫాలోకి వెళ్లింది. "ఇవాళ టీ నువ్వే పెట్టరా" అని పురమాయించింది.

తండ్రి పొయ్యి ముందు నిలబడ్డాడు. కాసేపటికే చొక్కా వీపుకు అంటుకుపోయింది. రెండుసార్లు చెయ్యి కాల్చుకున్నాడు.

"టీ పొడి ఎక్కడుంది?" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆమె నది మీంచి చూపు తిప్పలేదు. "వెతుక్కోండి. నన్ను వెతుక్కోలేదూ?"

చదివే పెద్దలారా, ఈ వేసవిలో మీరూ పిల్లాపాపలతో బయలుదేరతారు. వెళ్లండి. కానీ బండి కదిలేముందు సామాన్లను కాదు, మనుషుల్ని చూసుకోండి. ఇంటివాళ్లలో ఒకరు చెమటోడుస్తుంటే మిగతావాళ్లు చల్లగా తిరిగొచ్చేదాన్ని విహారం అనకండి. సెలవు అందరిదీ అయితేనే సెలవు, లేకపోతే అది ఆడమనిషి పొయ్యిని కొండ మీదికి మోసుకెళ్లడమే.